అక్క పైకి చదవమన్న మాట

మొన్న మా మనవరాలు 'ఇంటాక్సికేటెడ్' అనే ఇంగ్లీషు మాట ఎక్కడ పుట్టిందో చూడాలని నా పాత నిఘంటువు బయటికి తీయించింది. తాగి మత్తెక్కడమని అర్థం అందరికీ తెలిసిందే గాని, దాని మూలం గ్రీకు భాషలో విల్లు అనీ, బాణాల ములుకులకు పూసే విషానికి ఆ విల్లు పేరే వచ్చిందనీ, ఆ విషమే పోనుపోను మత్తుగా మారిందనీ చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాను. ఆ మాట నేను మొదటిసారి చదివింది నా పంతొమ్మిదో ఏట, జగ్గయ్యపేటలో మా అక్క ఇంట్లో.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రాష్ట్రం ఒకటయ్యాక కూడా మన వైపు మద్యనిషేధం అలాగే ఉండేది, గరికపాడు దాటి తెలంగాణలో అడుగుపెడితే మాత్రం సారా దుకాణాలు బార్లా తెరిచి ఉండేవి. మిరపకాయల కొట్టులో గుమాస్తాగా ఉండే మా బావ ప్రతి ఆదివారం సైకిలు మీద అటు వెళ్ళి, వచ్చేటప్పుడు జామాకులు నమిలి, ఏమీ ఎరగనట్టు ఇంట్లో అడుగుపెట్టేవాడు. మనిషి మంచివాడు, నన్ను టీచరు ట్రైనింగుకు పంపమని మా నాన్నతో పోట్లాడింది ఆయనే.

ఒకసారి చిల్లకల్లు దగ్గర పోలీసులు ఆపి, నందిగామ తీసుకెళ్ళి డాక్టరు చేత పరీక్ష చేయించారు. ఇంట్లో కొట్టు పని మీద వెళ్ళానని చెప్పాడు. డాక్టరు రాసిన కాగితం చొక్కా జేబులో ఉండిపోయి, ఉతకబోతున్న అక్క చేతికి దొరికింది. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. బావ అన్నం తింటుండగా అక్క ఆ కాగితం తెచ్చి, "ఏం రాశారో పైకి చదివి చెప్పవే" అంది. బావ ముద్ద చేతిలో పట్టుకుని తల వంచుకున్నాడు. అందులో 'ఇంటాక్సికేటెడ్' అని ఉంది, తాగి ఉన్నాడని రాశారని అర్థమైపోయింది. ఒంట్లో నీరసమట, బలమైన తిండి పెట్టమన్నారని చెప్పేశాను.

అక్క మళ్ళీ అడగలేదు. మర్నాటి నుంచి ఆయనకు పాలు, గుడ్లు పెడుతుంటే, ఒక కాపురం నిలబెట్టానని లోలోపల మురిసిపోయాను కూడా, అంత తెలివైనదాన్ని! బావ ఆదివారాలు మానలేదు. నాలుగేళ్ళకు కాలేయం చెడి పోయాడు.

దినాలయ్యాక ఒక మధ్యాహ్నం అక్క నా పక్కన కూర్చుని, జామాకుల చాటున ఉన్న వాసన తనకు మొదటినుంచీ తెలుసని చెప్పింది. "తెలీక అడిగాననుకున్నావటే? నువ్వంటే ఆయనకి గౌరవం. నీ నోటెంట వింటే సిగ్గుపడి మానేస్తారని అడిగానే" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

ఇప్పుడు గరికపాడుకు ఇటూ అటూ దుకాణాలే, జామాకులతో దాచుకునే సిగ్గు కూడా ఎవరికీ మిగల్లేదు. అక్క పోయి చాలా ఏళ్ళయింది. నిఘంటువు మూసేముందు ఆ మాటనూ దాని అర్థాన్నీ, అక్క చెప్పమన్నట్టే, పైకి చదివాను. ఎవరితో మాట్లాడుతున్నావమ్మమ్మా అని లోపలి నుంచి మనవరాలు అడిగింది.