ఒక్క చుక్కా కారని పెట్టె

ఆ రోజుల్లో ఫోన్లే లేవంటే అబద్ధమవుతుంది. ఫోన్లు ఉండేవి, కానీ మా ఇంట్లో ఉన్న ఒక్కటీ నాయన చొక్కా జేబులో ఊరంతా తిరిగేది, అది మాట్లాడడానికి తప్ప ఇంకెందుకూ పనికొచ్చేది కాదు. ఇప్పుడలా కాదు. పాపను పడుకోబెట్టి, దుప్పటి కింద ఫోను పెట్టుకుని, ప్రయాణాలంటే ప్రాణం పెట్టేవాళ్ళకు పండక్కి ఏమివ్వాలని అడిగితే చాలు, బొమ్మలు వరసగా వచ్చేస్తాయి. మొన్న అలాగే అడిగాను. మొట్టమొదట వచ్చిన బొమ్మ చూసి నవ్వు ఆపుకోలేక నోట్లో కొంగు కుక్కుకున్నాను (మా పాప ఒకసారి లేచిందంటే మళ్ళీ పడుకోబెట్టడం నా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు). లాడంలా వంగి, ముఖమల్ గుడ్డ తొడుక్కున్న మెడ దిండు అది. దాన్ని మెడకు పెట్టుకుంటారన్న సంగతి ధర్మవరంలో మా పెద్దమ్మకు ఇప్పటికీ తెలియదు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. రైల్వే గేటుకు కూతవేటు దూరంలో వాళ్ళ ఇల్లు. రాత్రి పడుకుంటే ఏ రైలు ఏ ఊరికి పోతోందో కూత విని చెప్పేది కాబట్టి మా ఇంట్లో అందరికీ ఆమె రైలు పెద్దమ్మ. పెద్దనాయనకు పట్టుచీరలు పెట్టే అట్టపెట్టెలు చేసే చిన్న షాపు ఉండేది. ఇద్దరికీ పిల్లలు లేరు. దసరా వస్తే షాపుకు తాళం వేసి, ఒక రెగ్జిన్ బ్యాగు, ఒక వైరు బుట్ట పట్టుకుని ఏదో ఒక దిక్కుకు రైలెక్కేవాళ్ళు. ఆ రెండింటిలో పట్టని వస్తువు ఎంత గొప్పదైనా ఇంట్లోనే ఉండాలన్నది పెద్దమ్మ చట్టం. ప్రతిసారీ చుట్టాల పిల్లల్లో ఒకరిని వెంట తీసుకుపోయేవాళ్ళు. మా అన్న కాశీ చూశాడు, పిన్నమ్మ కూతురు పూరీ చూసింది. నేను మాత్రం డిగ్రీ అయిపోయి, హిందూపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరి, పిల్లలకు మూడు సముద్రాలు కలిసే చోటు గురించి పాఠం చెబుతూ కూడా ఒక్క సముద్రమైనా చూసి ఎరగను.

కారణం పెనుకొండ. ఊరి తప్పు ఏమీ లేదు. హిందూపురంలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, సోమందేపల్లి దాకా బుద్ధిగానే ఉండేదాన్ని. పెనుకొండ కొండ కనబడిందంటే చాలు, కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేది. చిన్నప్పటి నుంచి ఎప్పుడూ తప్పింది లేదు. అమ్మ నిమ్మకాయలు, చింతపండు ఉండలు, ప్లాస్టిక్ కవర్లు సిద్ధంగా పెట్టుకునేది. కండక్టర్లు కూడా నన్ను గుర్తుపట్టి, "పాపా, పెనుకొండ వస్తాంది, కవరు తీయ్" అనేవాళ్ళు. నన్నూ తీసుకుపొమ్మని ఎప్పుడు అడిగినా పెద్దమ్మ ఒకటే మాట, "నిన్ను పిల్చుకపోతే దావ పొడుగూతా బండి కడుక్కుంటా పోవల్ల. ముందు పెనుకొండ దాటు, తర్వాత చూద్దాం."

ఆ ఏడు వాళ్ళు కన్యాకుమారి పోతున్నారని తెలిసింది. ఇక ఆగలేకపోయాను. ఊరూరూ తిరిగి అందరికీ కుంకుమ, దారాలు, శంఖాలు తెచ్చే వాళ్ళిద్దరికీ ఎవరూ ఎప్పుడూ ఏమీ ఇచ్చింది లేదు. మంచి కానుక ఇచ్చి అడిగితే కాదనలేరన్నది నా ఆలోచన (లంచం అని అప్పట్లో నాకు తట్టలేదు, అభిమానం అనే అనుకున్నాను). కానీ ఏమివ్వాలి? ప్రయాణమంటే నాకు తెలిసింది భయమొక్కటే, కాబట్టి నాకు తోచినవన్నీ టార్చిలైటు, విజిలు, బ్యాగును సీటుకు కట్టేసే గొలుసు, కాలిన పుండ్లకు పూసే మందు. నాయన విని, "వాళ్ళు యాత్రకు పోతాండారా, యుద్ధానికి పోతాండారా?" అన్నాడు. అమ్మ స్టీలు క్యారియరు కొనమంది. "నలుగురూ చూస్తారు" అని దాని వల్ల లాభం కూడా చెప్పింది. గిఫ్టు షాపు శెట్టి అయితే దేవుడి ఫోటో ఉన్న గోడ గడియారం తీసి చూపించాడు.

"గడియారం ఎందుకన్నా, వాళ్ళు ఇంట్లోనే ఉండరు" అన్నాను.

"ఐతే ఇంకా మంచిది మేడం, పగలదు."

నా మొహం చూసి అతనికే జాలేసినట్టుంది, పైఅరలో నుంచి ఒక పెట్టె దింపాడు. పెట్టె మూత మీద విమానంలో కళ్ళు మూసుకున్న తెల్లదొర బొమ్మ, మెడ చుట్టూ దిండు. "ఇది బెంగళూరు మాలు. కూర్చునే నిద్రపోవచ్చు. రెండు కొసలకు గుండీ కూడా ఉండాది, ఊడిరాదు" అన్నాడు. మెత్తగా, తేలిగ్గా, ముదురు ఎరుపు రంగులో ఉంది. దానితోపాటు నేను కూడా సముద్రం ఒడ్డున నిలబడినట్టే అనిపించింది.

ఆదివారం ఒక్కదాన్నే ధర్మవరం బస్సెక్కాను. కవరు కావాలనే తీసుకుపోలేదు. కవరు కళ్ళబడితేనే వాంతి గుర్తొస్తుందని మా స్టాఫ్‌రూములో హిందీ టీచరమ్మ చెప్పింది. కళ్ళు మూసుకుని, ఒడిలో పెట్టెను గట్టిగా పట్టుకుని, ఎక్కాలు అప్పజెప్పుకుంటూ కూర్చున్నాను. పదమూడో ఎక్కం మధ్యలో కళ్ళు తెరిచాను. ఎదురుగా కొండ. ఆ తర్వాత జరిగినది ఒక్క క్షణంలో జరిగిపోయింది. దిండును లాగి పక్కావిడ ఒళ్ళో పడేశాను, పెట్టెను మొహానికి ఆనించుకున్నాను. పక్కావిడ దిండు పట్టుకుని, "అయ్యో, ఎవరిదమ్మా ఇది, ఎవరికమ్మా ఇది" అని నా వీపు నిమురుతూనే ఉంది. కండక్టరు వచ్చి చూసి, "భలే పెట్టె తెచ్చినావు పాపా!" అని మెచ్చుకున్నాడు. పెనుకొండ బస్టాండులో పెట్టెను మూతతో సహా, తెల్లదొరతో సహా చెత్తకుండీలో వదిలేసి, దిండు ఒక్కటే చంకలో పెట్టుకుని ధర్మవరం చేరాను.

పెద్దనాయన దిండును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి అడిగిన మొదటి మాట, "దీని పెట్టె యాడ?"

"పెట్టె... రాలేదు పెద్దనాయనా."

"ఇంత మెత్తటి సామాను పెట్టె లేకుండా ఎట్ల అమ్ముతారబ్బా?"

అది దేనికో చెబుదామని నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ దాన్ని లాక్కుని, గుండీ పెట్టి, గుండ్రంగా చేసి నెత్తిన పెట్టుకుంది. దాని మీద రెగ్జిన్ బ్యాగు పెట్టుకుని రెండు చేతులూ వదిలేసి వాకిట్లో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. "సుట్టకుదురు! ఇన్నేండ్లు టవలు చుట్టి చుట్టి నెత్తి బొబ్బలెక్కింది. ఎవరికైనా తోచిందా? పాపకు తోచింది చూడు!" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు. అంత సంతోషం చూశాక, పెద్దమ్మా అది మెడకు అని చెప్పే ధైర్యం ఎవరికి మాత్రం ఉంటుంది?

పెద్దనాయన మాత్రం ఆమెను కోపంగా చూశాడు. దిండును తీసి మంచం మీద వేసుకుని, దాని మధ్యలో కుదురుగా కూర్చుని, ఒక నిమిషం కళ్ళు మూసుకున్నాడు. మొహంలో ఒక్కొక్క ముడతా విడిపోయింది. తర్వాత గొంతు తగ్గించి, "నా మొలల సంగతి పాపకు చెప్పింది నువ్వే కదా?" అన్నాడు.

"నేనేం చెప్పలేదప్పా. అది సుట్టకుదురు."

"సుట్టకుదురుకు గుండీ ఎందుకే?"

"మరి నీదానికి ఎందుకు?"

ఎవరికి తెచ్చావో చెప్పమని ఇద్దరూ నా వైపు తిరిగారు. "ఇద్దరికీ" అన్నాను, అది నిజమే కదా. పెద్దమ్మ నా బుగ్గలు పట్టుకుని, "నీకేం కావల్నో అడుగు" అంది. నేను ఎదురుచూసిన మాట అదే. కన్యాకుమారి అన్నాను. పెద్దమ్మ చేతులు నా బుగ్గల మీద నుంచి జారాయి. "ఈ పొద్దు పెనుకొండ ఎట్ల దాటినావు?" అని మెల్లగా అడిగింది.

పెద్దనాయన దిండు అంచుకు అంటుకున్న అట్టపొడిని గోటితో గీకి, వాసన చూసి, మొహం చిట్లించి, "పెట్టె ఉన్నింది. దాంట్లోనే కానిచ్చింది" అని తేల్చేశాడు. ఏడుపొచ్చేసింది నాకు. సముద్రం అక్కడికక్కడే ఇంకిపోయినట్టయింది. ఆయన నా పక్కకు జరిగి, ఎంతో గంభీరంగా అడిగాడు.

"లీకైందా?"

"ఏమి?"

"పెట్టెప్పా. చుక్క ఏమైనా కారిందా?"

"లేదు పెద్దనాయనా. ఒక్క చుక్కా కారలేదు."

"గమ్ముతో అంటించిన పెట్టె అంతసేపు ఆగిందంటే, గమ్ము లేకుండా మడిచింది కన్యాకుమారి దాకా ఆగుతాది" అంటూ లేచి షాపు తాళం తీసుకున్నాడు. ఆ సాయంత్రం నేను చూస్తుండగానే, లోపల నున్నటి ప్లాస్టిక్ పూత ఉన్న అట్టను కోసి, ఎక్కడా గమ్ము తగలకుండా ఒకే ముక్కను మడతల మీద మడతలుగా పెట్టెగా మార్చి, నీళ్ళు పోసి, గడప మీద పెట్టాడు. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. కారలేదు. అలాంటివే ఇంకో అరడజను చేస్తానన్నాడు. పెద్దమ్మ ఎంతో ఆలోచించి, "విప్పితే బ్యాగులో పడతాయా?" అని అడిగింది. పడతాయన్నాడు. చట్టం ఒప్పుకుంది.

రైళ్ళు మారి మారి పోయాం. చిత్రమేమంటే రైల్లో నాకేమీ కాలేదు. బస్సు పడనిదానికి రైలు పడొచ్చునని అంతమంది పెద్దలలో ఒక్కరికీ తోచలేదు, నాకూ తోచలేదు. దిండు పగలు ప్లాట్‌ఫారాల మీద పెద్దమ్మ నెత్తినా, బండి కదిలాక పెద్దనాయన కిందా, రాత్రి నా తల కిందా నలిగింది. మదురై దాటాక ఎదురు సీటులో ఒకాయన అచ్చం అలాంటిదే తీసి మెడకు తగిలించుకున్నాడు. నేను గబుక్కున పెద్దమ్మ వైపు చూశాను. పెద్దమ్మ అతన్ని తేరిపార చూసి, ఎంతో జాలిగా, "ఏం నాయనా, యాడ పడితివి? కట్టు ఎన్ని దినాలు ఉంచుకోవల్లంట?" అని అడిగింది. అతనికి తెలుగు రాదు, నవ్వి ఊరుకున్నాడు. ఆమె నా చెవి దగ్గరికి వంగి, "పాపం, సుట్టకుదురు తీసి మెడకు కట్టినారు. ఏ ఆసుపత్రో ఏమో!" అంది.

సముద్రం చూశాను. అది ఎలా ఉందో రాయడం నా వల్ల కాదు, అందరూ చూసిందే. అయితే నీళ్ళ మధ్యలో ఉన్న బండ దగ్గరికి లాంచీలో పోతుంటే మాత్రం ఒకటి జరిగింది. అలకు లాంచీ లేచి పడింది. ఊరూరూ తిరిగిన మా పెద్దనాయన మొహం తెల్లబడింది, చెయ్యి చాపాడు. నేను బ్యాగులో నుంచి పెట్టె తీసి, ఆయన నేర్పినట్టే మడిచి అందించాను. మొత్తం ప్రయాణంలో వాడింది ఆ ఒక్కటే. మొహం పెట్టెలో పెట్టుకునే, మధ్యమధ్యలో తలెత్తి, "అడుగు చూడు పాపా, కారుతాందా?" అని అడుగుతూనే ఉన్నాడు.

మిగిలిన పెట్టెలు విప్పదీసి నా చీరల కింద దాచుకున్నాను. ఇప్పుడు పెద్దనాయన షాపు లేదు, వేళ్ళు మడతకు వంగవు. కానీ దసరా వస్తే ఇద్దరూ ఇంట్లో నిలవరు. ఈసారి మా పాపను కన్యాకుమారికి తీసుకుపోతామంటున్నారు. దానికీ పెనుకొండ పడదు, రైలు పడినా లాంచీ ఉంది కదా, అందుకని పంపనన్నాను. మెడ దిండు బొమ్మ చూసి నవ్విన మర్నాడు పెద్దనాయన ఫోను చేశాడు.

"పాత పెట్టెలు ఉండాయా?"

"ఉండాయి. ఇన్నేండ్ల అట్ట పెద్దనాయనా, ఏం ఆగుతుంది?"

"నీళ్ళు పోసి చూడు. కారితే పంపద్దు."

ఇదంతా రాస్తున్న బల్ల మీదే, నా పక్కన, ఆ పెట్టె ఉంది. చెంబెడు నీళ్ళు పోశాను. రాయడం మొదలుపెట్టే ముందు పోసినవి అవి. కారాలని లోపల్లోపల ఎంత కోరుకున్నానో నాకే తెలుసు. మళ్ళీ మళ్ళీ వేలితో అడుగు తడిమి చూస్తున్నాను. పొడిగా ఉంది. పాపకు గౌన్లు ఎన్ని సర్దాలో ఇప్పుడు ఆలోచించుకోవాలి.