ఎవరికెన్ని షాట్లు

పక్కింటి పిల్లాడు డ్రైవ్‌వేలో బాస్కెట్‌బాల్ కొడుతుంటే ఆ దబదబ చప్పుడు మా వంటింట్లోకి వినిపిస్తుంది. మేముండే ఈ టార్నీట్ పేటలో ఇది మామూలే. నాకు మాత్రం ఈ దేశమొచ్చి చదువుకున్న ఊరు డార్విన్ గుర్తొస్తుంది. జీవితంలో ఎన్నడూ బంతి ముట్టని దానియేలు అంకుల్ గుర్తొచ్చి మనసు పాడవుతుంది.

అక్కడ యూనివర్సిటీలో చదివే రోజుల్లో వాళ్ళింట్లో వెనక గదిలో అద్దెకుండేదాన్ని. ఆయనది ఒంగోలు వైపు; ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవారు. భార్య రూతమ్మ ఆంటీ పక్షవాతంతో మంచాన పడ్డారు. ఆయనకున్న ఒకే ఒక్క సరదా ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ ఆట. అందులో మనం ఆడేదేమీ ఉండదు. జట్టును కూర్చి, ఎవరి వాటా ఎన్ని షాట్లో చెప్పి వదిలేస్తే కంప్యూటరే మ్యాచ్ నడిపి ఫలితం చూపిస్తుంది. నన్నూ అందులోకి లాగారు. నేనేమో సగం షాట్లు మా జట్టులోని మొనగాడికే కట్టబెట్టి, వరుసగా ఓడిపోయేదాన్ని.

"వాణ్ణి చంపేస్తావా ఏంటమ్మాయ్?" అన్నారు ఒకరోజు, ఆంటీకి జావ తాగిస్తూనే నా ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూసి.

"బాగా వేసేది వాడే కదా అంకుల్!"

"అందుకే అందరూ వాడి మీదే పడతారు. అలిసిపోయాక ఎంతటోడైనా బయటికే వేస్తాడు. ఆ మూలనున్నోడికీ కాస్త ఇవ్వు. మొదట్లో పోగొడతాడు, పోనీ. చేతికి రావాలిగా!"

ఆట విషయంలో అంత తెలివి! చర్చిలో మాత్రం ఎవరికేం కావాలన్నా "దానియేలు అంకుల్ ఉన్నారుగా" అనడం అందరికీ అలవాటు. ఎవరొచ్చినా తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకు వెళ్ళేది ఆయనే, ఆదివారం భోజనాలకు బిర్యానీ వండేదీ ఆయనే. ఇంటికొచ్చి ఆంటీకి స్నానం చేయించేదీ ఆయనే. వానాకాలం ముందరి ఆ ఉక్కపోతలో మనిషి రోజురోజుకీ పీక్కుపోతుంటే చూడలేకపోయాను.

"అంకుల్, సండే వంట ఇంకెవరికైనా చెప్పండి. ఆంటీ దగ్గర కాసేపు నేనుంటా, మీరు పడుకోండి."

"ఛ ఛ, చదువుకోడానికొచ్చినదానివి. బయట తెలిస్తే ఏమనుకుంటారు? పెళ్ళాన్ని చూసుకోలేకపోతున్నాడనుకోరూ?"

"ఆటలో నేనిలా చేస్తే తిడతారుగా!" ఒళ్ళు మండిపోయి అనేశాను.

"అది ఆట తల్లీ," అని నవ్వేశారు.

తర్వాతి ఆదివారమే చర్చి వంటింట్లో, బిర్యానీ గిన్నె మూత తీస్తూ కూలబడిపోయారు. అంబులెన్స్ వచ్చేసరికే ప్రాణం పోయింది.

ఆ వారమంతా ఇల్లు జనంతో నిండిపోయింది. ఒకరు వండి తెచ్చారు, ఒకరు ఆంటీకి స్నానం చేయించారు, వంతులు వేసుకుని మరీ ఉన్నారు. "అంకుల్ ఒక్క మాట చెప్తే ముందే వచ్చేవాళ్ళం కదా ఆంటీ," అని ఒకావిడ ఏడ్చింది. మాట సరిగ్గా పలకని ఆంటీ చాలాసేపు పెదాలు కదిపి, "అడగలా," అన్నారు. అందరూ తలలు దించుకున్నారు.

ఆట అలాంటి వాటికి ఆగదు. చివరిసారి ఆయన పంచిన వాటాలతోనే ఆయన జట్టు ఆడుతూ వచ్చింది, గెలుస్తూ కూడా వచ్చింది. చూడలేక నేనే మానేశాను.

ఇప్పుడు నాకూ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళు పనిచేయని అత్తగారు. ఊపిరాడనప్పుడు ఎదురింటి సుజాతకు ఫోన్ చేసి, "ఈ సాయంత్రం అత్తయ్య దగ్గర కూర్చుంటావా?" అని అడుగుతాను. ఇన్నేళ్ళయినా అడగాలంటే సిగ్గే. అయినా అడుగుతాను. సరే వస్తానంటుంది సుజాత. ఇంత తేలికైన పనా అనిపించి, ప్రతిసారీ అంకుల్ మీద చెప్పలేనంత కోపం వస్తుంది.