కంట్లో కాదు, నోట్లో

పంతొమ్మిదివందల యాభైలలో, నా చిన్నప్పుడు కరువొచ్చిన ఏడాది, పూటపూటా సంగటీ చింతపులుసే తిని నాకు రేచీకటి పట్టింది. పొద్దు గూకితే గోడలకు గుద్దుకునేవాణ్ణి. పొన్నగంటాకు కళ్ళకు మంచిదని ఎవరో అన్నారట. మా అవ్వ దాన్ని నూరి పసరు నా కంట్లో పిండింది. మంటెత్తి కళ్ళు వాచిపోయాయి. అవ్వను తిడుతూనే నాన్న ఇద్దరినీ రాయచోటి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

"చూపుకేం భయం లేదప్పా," అని డాక్టరు చేపనూనె సీసా ఇచ్చాడు. అవ్వ వైపు తిరిగి, "ఆకు మంచిదేలే. కంట్లో కాదు, నోట్లో పోవల్ల!" అన్నాడు.

ఇంక రోజూ చేపనూనే, ఆ పాడు కూరే. ఒక సందెవేళ అవ్వ పొయ్యి ఊదుతుంటే విసుగ్గా అడిగాను: "ఏమవ్వా, కండ్లల్లో నీళ్ళు కారతాండాయి, నువ్వూ పసరు పిండుకున్నావా?"

అవ్వ ఊదుగొట్టం పారేసి నన్ను కరుచుకుంది. ఇంట్లో ఇంకా దీపమే ముట్టించలేదు.