వాన వస్తుందని చెప్పిన పాస్టరు దగ్గరికి

కుందుర్పి వైపు చూడదగ్గ స్థలమేదో ఉందని నేను బయలుదేరలేదు. సుగుణ ఫోన్ చేసింది. ఆమె భర్త దానియేలు నేను బైబిలు కాలేజీలో పాఠాలు చెప్పినప్పటి విద్యార్థి, కుందుర్పి పక్కన ఒక పల్లెలో పాస్టరు. "అయ్యగారూ, మూడు ఆదివారాల నుంచి మా ఆయన ప్రసంగమే చెప్పడం లేదు. కీర్తన చదివి అందర్నీ పంపించేస్తాండాడు. ఇదంతా మానేసి బెంగళూరుకు కూలికి పోదామంటాండాడు. మీరొక తూరి వచ్చి చెప్పండి," అని ఏడ్చింది. నేను పాస్టరుగా రిటైరయ్యాక నన్ను పిలిచేవాళ్లే తక్కువ. శనివారం వస్తానన్నాను.

ఉదయం 6:40కి అనంతపురంలో కళ్యాణదుర్గం బస్సు దొరికింది. టికెట్టు ఎనభై చిల్లర. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి ముందు సీట్లన్నీ వాళ్లవే. నేను వెనక చక్రం మీది సీట్లో కూర్చుని, కుదుపుల మధ్యే దానియేలుకు చెప్పాల్సిన సలహాను మూడు పాయింట్లుగా తయారు చేసుకున్నాను. మూడు పాయింట్లు లేకుండా నేను మంచినీళ్లు కూడా అడగనని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. ఆత్మకూరు దాటాక వేరుశనగ చేలు కనిపించాయి. ఆగస్టు చివర్లో పచ్చగా పరుచుకోవాల్సిన పైరు వాడిపోయి నేలకు అంటుకుపోయింది.

ఎనిమిదిన్నరకు కళ్యాణదుర్గం. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి నలభై రూపాయలు. రెండో ప్లేటు అడక్కుండా ఉండడం కష్టం, నేను ఉండలేకపోయాను. అక్కడి నుంచి కుందుర్పికి షేర్ ఆటో, మనిషికి యాభై. జనం నిండేదాకా కదలదు. పక్కన కూర్చున్న రైతు నా చేతిలోని బైబిలు చూశాడు.

"ఏమన్నా, పాస్టరువా? యాడికి పోతాండావు?"

పల్లె పేరు చెప్పాను.

"ఆ ఊరి పాస్టరే కదప్పా, పది దినాల్లో వాన వస్తాదని చెప్పినాడంట. ఆ మాట నమ్మి ఒకామె ఇత్తనాలు ఏసి పోగొట్టుకునిందంట."

ఆటోలో ఇద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. "నేను ఎవరి మాటా నమ్మకుండానే ఏసినా. నాదీ ఎండిపాయ," అన్నాడు.

కుందుర్పిలో దానియేలు బైకు మీద ఎదురొచ్చాడు. నన్ను ఎక్కించుకుని పల్లెకు తీసుకెళ్లాడు. రేకుల మందిరం, దాని వెనక ఒకే గది. వాళ్లుండేది అందులోనే, నా బస మందిరంలో చాప మీద. సుగుణ రాగి సంగటి, శనక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. తిన్నాక దానియేలు జరిగింది చెప్పాడు.

ఆ పల్లెలో విశ్వాసులు ఏటా విత్తే ముందు దోసెడు విత్తనాలు మందిరానికి తెచ్చి ప్రార్థన చేయించుకుంటారు. ఈసారి వాళ్ల ముఖాల్లో దిగులు చూసి దానియేలు తట్టుకోలేకపోయాడు. పది రోజుల్లో వాన వస్తుందని దేవుడు తనతో చెప్పాడని వాళ్లతో అన్నాడు. భర్త లేని ఓబులమ్మ మర్నాడే తన రెండెకరాల్లో విత్తింది. మొలకలొచ్చాయి, వాన రాలేదు.

"దేవుడు నిజంగా చెప్పినాడా?" అని అడిగాను.

"లేదయ్యగారూ. మీరు నేర్పినట్ల చెప్పినా." నా క్లాసులో రాసుకున్న నోటుబుక్కు తెచ్చి చూపించాడు. ప్రసంగంలో 'కావచ్చు', 'అనుకుంటాను' అనే మాటలు రాకూడదు, పాస్టరు తటపటాయిస్తే సంఘం తటపటాయిస్తుంది అని అందులో ఉంది. రాత అతనిది, మాట నాది. ఎంతమందికి ఇదే నేర్పానో! తల ఎత్తలేకపోయాను. బస్సులో కట్టుకున్న మూడు పాయింట్లలో ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

"తప్పు నేర్పినా నాయనా," అన్నాను. "వాక్యంలో ఉండేది గట్టిగానే చెప్పు. నీ ఆశను మాత్రం నీ ఆశ అనే చెప్పు. పా, ముందు ఆమె దగ్గరికి పోదాం."

నాలుగింటికి చేనికి వెళ్లాం. ఓబులమ్మ ఎండిన వేరుశనగ చెట్లు పీకి, మేకలకు వేయడానికి కట్టలు కడుతోంది. దానియేలు "అమ్మా" అని ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె అతన్ని చూసి ఒక కట్ట చేతికిచ్చింది.

"ఊరికే నిలబడుకుంటే ఎట్ల? ఇది ఆ గట్టు మీద పెట్టు."

పొద్దు గూకేదాకా ముగ్గురం చెట్లు పీకాం. నా నడుము ఇంకా ఆ సంగతి మరిచిపోలేదు.

ఆదివారం పదింటికి మందిరంలో ఇరవై మంది ఉంటారు. దానియేలు లేచి నిలబడ్డాడు. చేతిలో కాగితం లేదు.

"వాన వస్తాదని దేవుడు నాతో చెప్పలేదు. మీ మీద ప్రేమతో నేనే ఆశపడినా. ఆ ఆశనే దేవుని మాటని చెప్పినా. నన్ను క్షమించండి."

నేనూ లేచి, అలా చెప్పమని నేర్పింది నేనేనని ఒప్పుకున్నాను. ఓబులమ్మ చాప మీద నుంచే మాట్లాడింది.

"పంట పోవడం మాకు కొత్త కాదు నాయనా. నువ్వు ఇన్ని వారాలు మాట్లాడకుండా ఉండావే, అది మాకు కష్టమాయ. వాక్యం చెప్పు."

అతను పన్నెండు నిమిషాలు చెప్పాడు. దుఃఖంలో ఉన్నవాళ్లకు దేవుడు దగ్గరగా ఉంటాడన్న ఒక్క సంగతే, ఆ ఊరి మాటల్లో. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. నా క్లాసులో అయితే మార్కులు కోసేవాణ్ని. అక్కడ కూర్చుని కళ్లు తుడుచుకున్నాను.

భోజనాలయ్యాక కుందుర్పిలో నన్ను ఆటో ఎక్కిస్తూ, వచ్చే ఆదివారానికి ఏ భాగం తీసుకోవాలని దానియేలు అడిగాడు. బెంగళూరు మాట ఎత్తలేదు. నా ప్రాణం కుదుటపడింది.

ఆటో రెండింటికి బయలుదేరింది. ఓబులమ్మ కూడా ఎక్కింది, కళ్యాణదుర్గంలో కూతురి దగ్గరికి. చిన్న సంఘాల పాస్టర్లను పలకరించడానికి వెళ్లేవాళ్లు సలహాలు తక్కువగా, సమయం ఎక్కువగా తీసుకెళ్లాలని నాకు ఈ ప్రయాణంలో అర్థమైంది. అదే ఆలోచిస్తుంటే ఆమె నా చెయ్యి తట్టింది.

"అయ్యగారూ, వానకు ప్రార్థన చేయండి."

"వస్తాదో రాదో నాకు తెలీదమ్మా," అన్నాను.

"తెలిస్తే అడిగే పనేముండాది? అడగండి."

ఆటోలోని మిగతావాళ్లు మాటలు ఆపారు. నేను కళ్లు మూసుకుని అడిగాను, ఏ మాటా ఇవ్వకుండా. ఆమేన్ మాత్రం నాకంటే ముందు ఆమే అంది.