తడిగుడ్డ చుట్టిన సీసా

పొద్దున నీళ్ల ఆటో వచ్చి ఇరవై లీటర్ల డబ్బా గుమ్మంలో దించి పోయింది. మూత తీసేముందు దాన్ని వెలుతురుకు పెట్టి చూడటం నాకు అలవాటు. సీలు వేసిన నీళ్లలో ఏం వెతుకుతారు మామయ్యా అని మా కోడలు నవ్వుతుంది. ఏమీ వెతకను. నా ఈడువాళ్లయితే, పాల్వంచ చుట్టుపక్కల ఆ రోజులు చూసినవాళ్లయితే, వాళ్లకు చెబితే తెలుస్తుంది.

డెబ్బైల చివర్లో పాల్వంచ మా కళ్ల ముందే పెరిగింది. కాలనీ మీద కాలనీ లేచింది, వాటికి కావలసిన కంకర కోసం మా గూడేనికి ఎగువన మిల్లులు వెలిశాయి, ఆ మిల్లుల బురద వాగులోకి, వాగు పక్కనున్న మా బావిలోకి చేరింది. ఆ నీళ్లలో మా అమ్మ చిల్లగింజ అరగదీసి కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైనీళ్లు గుడ్డలో వడగట్టేది. ఎంత తేర్చినా పిల్లలకు కడుపునొప్పులు తగ్గలేదు. అందుకని తాగేనీళ్లకు రోజూ మైలున్నర నడిచి, ఇసుకలో చెలమ తోడి బిందె నెత్తిన పెట్టుకొచ్చేది. అప్పటికే ఆమెకు మెడనొప్పి.

పది పాసై, కాలనీ పనుల్లో టెంపరరీగా చేరినవాణ్ణి కాబట్టి అర్జీ నేనే రాశాను. ఒకటి మంచినీళ్ల బోరు, రెండోది పాల్వంచకు బస్సు. ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించాను. బావినీళ్లు సీసాలో పట్టుకుపోయి చూపిస్తే ఏ ఆఫీసరూ కాదనలేడని పెద్దనాన్న అంటే, ఔను, అంతే అనుకున్నాం. సీసా నింపి పెట్టమని అమ్మకు చెప్పి నేను డ్యూటీకి పోయాను. మర్నాడు ఆమె చేతికిచ్చిన సీసా తడిగుడ్డలో చుట్టి ఉంది. విప్పి చూడలేదు. అదే నా బుద్ధితక్కువ.

పాల్వంచలో ఆఫీసరు గది ముందు మా గూడెం సగం నిలబడింది, అమ్మ కూడా. ఆయన గుడ్డ విప్పి సీసాను కిటికీ వైపు ఎత్తాడు. నీళ్లు తేటగా మెరిశాయి. ఆయన మూత తీసి, వాసన చూసి, ఒక గుక్క తాగి, మా కాలనీ నీళ్ల కంటే ఇవే నయం కదయ్యా అన్నాడు. బోరు మాట కొట్టేసి బస్సుకు రాశాడు. అమ్మ తేర్చిన నీళ్లండీ అని ఒక్క మాట అంటే అయిపోయేది. అంతమందిలో ఆమె తల దించుకోవలసి వస్తుందని నా నోరు పెగల్లేదు. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు.

తిరిగి నడిచి వస్తుంటే అమ్మే అన్నది, "అంత పెద్దసారు తాగుతడేమో అనుకున్న కొడకా. మురికినీళ్లు చేతికెట్లిస్తం? సల్లగుండాలని గుడ్డ గూడ సుట్టిన."

నెల తిరక్కుండా బస్సు వచ్చింది. ఆ బస్సులోనే డ్యూటీకి పోయేవాణ్ణి. చెలమ దగ్గరి మలుపులో అమ్మ బిందెతో ఎదురయ్యేది, బస్సు కోసం పక్కకు తప్పుకుని, దుమ్ము పడకుండా కొంగుతో బిందె మూతి కప్పుకునేది. ఒక్కరోజు కూడా తలెత్తి కిటికీలో నా కోసం చూడలేదు. ఏడేళ్ల తర్వాత బోరు పడింది. అప్పటికి ఆమె మెడ చెంబు బరువు కూడా మోసేది కాదు.

ఇప్పుడు ఆ దారిలో బస్సులకు కొదవ లేదు, నీళ్లు గుమ్మంలోకే వస్తున్నాయి. ఏ ఆఫీసుకైనా ఫోన్లో ఫోటో తీసి పంపితే చాలట, ఉన్నది ఉన్నట్టు కనబడుతుందట. మంచిదే. డబ్బా వంచి గ్లాసు నింపుకున్నాను. నీళ్లు తేటగానే ఉన్నాయి. ఎందుకో తాగబుద్ధి కాలేదు.