దమ్ము పోయిన తుపాకీ

పోయిన నెల కొత్త గ్యాసు బండ బిగించగానే రెగ్యులేటరు దగ్గర సన్నగా సుయ్‌మని చప్పుడు మొదలైంది. బండ తెచ్చినాయన "వాషరు పోయిందమ్మా, అంతే" అంటూ పిన్నీసుతో లోపలి నల్ల రబ్బరు రింగును పైకి లాగి, జేబులోంచి ఇంకోటి తీసి నొక్కేసి వెళ్ళిపోయాడు. పాత రింగు గట్టు మీదే ఉండిపోయింది. దాన్ని చేతిలోకి తీసుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. అలాంటి రింగునే ఒకసారి నర్సీపట్నంలో మా మామగారి తుపాకీకి తొడిగాం. ఈ మాట ఇంట్లో ఎవరితోనైనా అంటే నవ్వుతారు. ఆ రోజు మాత్రం మా పెరటి వరండాలో నవ్వే పరిస్థితి లేదు.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళింది తొంభైల మధ్యలో. మా పుట్టిల్లు ఎస్. రాయవరం దగ్గర పల్లె. మావారికి కరెంటు ఆఫీసులో ఉద్యోగం. డ్యూటీ పైన ఏజెన్సీ కొండల్లో, వారానికోసారి దిగి వచ్చేవారు. మిగతా రోజులు ఇంట్లో నేను, అత్తగారు, మామగారు. మామగారు మిషన్ బడిలో డ్రిల్లు మేష్టారుగా చేసి రిటైరయ్యారు. బడి వదిలినా విజిల్ ఆయన గొంతులో ఉండిపోయింది. మాటలు తక్కువ, దగ్గు ఎక్కువ. కాఫీ చల్లారితే ఒక దగ్గు, పేపరు రాకపోతే ఇంకో దగ్గు, చుట్టాలు ఎంతకీ లేవకపోతే మరో దగ్గు. ఏ దగ్గుకి ఏ అర్థమో అత్తగారికి తెలుసు. నేను అవి నేర్చుకునేసరికి పెళ్ళి చీరలు రంగు వెలిసిపోయాయి. అత్తగారు పొట్టిగా, సన్నగా ఉండేవారు. చర్చిలో పాట పాడేటప్పుడు కూడా ఆవిడ గొంతు పక్కనున్న నాకు తప్ప వినిపించేది కాదు.

తుపాకీ అన్నాను గానీ, అది మందు పెట్టి పేల్చేది కాదు, గాలి తుపాకీ. గొట్టం కింద చెక్క పిడి ఉంటుంది. సైకిలు పంపులా దాన్ని లాగి నొక్కుతూ ఉంటే లోపల గాలి నిండుతుంది. ఎన్నిసార్లు నొక్కితే అంత జోరు. మామగారి నాన్నగారు ఒక దొరగారి దగ్గర వంట చేసేవారట. దొరగారు దేశం వదిలి వెళ్ళిపోతూ అందరికీ ప్రార్థన పుస్తకాలు ఇచ్చి, వంటాయనకి మాత్రం ఈ తుపాకీ ఇచ్చారట. ఆయన దాన్ని ముందుగదిలో క్రీస్తు పటం పక్కనే మేకుకి తగిలించారు. పాస్టరుగారు చూసి నొచ్చుకుంటే అక్కణ్ణించి దిగి, పాత దుప్పటిలో చుట్టుకుని బీరువా మీదికి ఎక్కింది. నేను వెళ్ళేనాటికి దాని కథ ఒక్క ముక్కలో చెప్పేవారు: "దానికి దమ్ము పోయింది." ఎంత కొట్టినా గాలి నిలవదని అర్థం. ఎప్పుడు పోయిందని అడిగితే మామగారు దగ్గేవారు. ఆ దగ్గు నేను నేర్చుకున్నవాటిలో లేదు.

మామగారికి ఒక తమ్ముడు, మా చిన్నమామగారు. రోలుగుంట దగ్గర జీడితోట చేసుకుంటూ ఉండేవారు. తోట పంచుకునేటప్పుడు గట్టు దగ్గర అన్నదమ్ములిద్దరికీ తగాదా వచ్చి, కొన్నేళ్ళు మాటల్లేకుండా గడిచాయని, పాస్టరుగారే కూర్చోబెట్టి కలిపారని మావారు చెప్పారు. అంతకు మించి ఆయనకీ తెలియదు. కలిశాక చిన్నమామగారు అప్పుడప్పుడు వచ్చేవారు. కుర్చీ చివర కూర్చుని "వాన పడేలా ఉంది" అనేవారు. "పడితే మంచిదే" అనేవారు మామగారు. ఒకే బస్సుకోసం ఎదురుచూస్తున్న ఇద్దరు ముక్కూమొహం తెలియని మనుషుల్లా ఉండేవారు. టీ తాగి ఆయన వెళ్ళిపోయేవారు.

ఒక వేసవిలో అలాగే వచ్చి, వాన సంగతి అయిపోయాక కూడా లేవలేదు.

"అన్నియ్యా, తోటలో కోతులు పడి పళ్ళు, పిక్కలు ఒక్కటీ ఉంచట్లేదు. డప్పు కొడితే కూకుని సూస్తన్నాయి. టపాసులేద్దారంటే ఎండుటాకులు, అంటుకుంటాయని బయ్యం. ఆ తుపాకీ బాగైద్దేటి? గుండు అక్కర్లేదు. ఉట్టి సప్పుడు సాలు."

మంచినీళ్ళు తెస్తున్న అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయారు. మామగారు "సూద్దాం" అన్నారు.

ఆయన వెళ్ళాక అత్తగారు "ఆ పాడుది ఇప్పుడెందుకండీ? ఇనపసామానోడికి పడీమని ఎప్పట్నించో సెప్తన్నాను" అన్నారు. అంత గట్టిగా ఆవిడ మాట్లాడటం నేను వినడం అదే మొదలు. మామగారు మాత్రం "ఇన్నాళ్ళకి ఆడు నోరు తెరిసి ఒకటి అడిగినాడు" అని బీరువా దగ్గరికి కుర్చీ జరుపుకున్నారు.

వాషరు కోసం బజారంతా తిరిగి, చివరికి కిరసనాయిలు స్టవ్వు పంపుకి వేసే తోలు వాషరు తెచ్చి ఆముదంలో నానబెట్టారు. గాలి నిలిపే చోట ఉండే రబ్బరు రింగు రాయిలా గట్టిపడిపోయిందని ఆయన విచారిస్తుంటే, గ్యాసు బండ రింగు సరిపోతుందేమో చూడమన్నాను. సరిపోయింది. ఆ ఇంట్లో మామగారు నన్ను మెచ్చుకుంటూ దగ్గింది అప్పుడే.

బాగుచేసే రోజున చిన్నమామగారు పొద్దున్నే బస్సులో దిగారు. ఆ రోజుల్లో మా వైపు తుపాకీ అన్న మాట ఇంట్లో కూడా గొంతు తగ్గించి అనేవాళ్ళం. పైన అడవిలో నక్సలైట్లు, కింద రోడ్డు మీద పోలీసులు, ఇద్దరి చేతుల్లోనూ అవే. అందుకని వీధి తలుపు గడియ పెట్టి పెరటి వరండాలో కూర్చున్నాం. పేపర్లు పరిచి మామగారు తుపాకీని దుప్పటిలోంచి తీశారు. నాలుగు మూరల దూరంలో అత్తగారు చింతపండు ముందేసుకుని పిక్కలు తీస్తున్నారు. తీసిన పిక్కలు పండులోకి, పండు పిక్కల్లోకి వేస్తున్నారని కాసేపటికి గమనించాను.

గొట్టం శుభ్రం చేసే పని నాకు ఇచ్చారు. కమ్మీకి గుడ్డ చుట్టి లోపలికి తోశాను. ఎక్కడో అడ్డం పడింది. ఏ కందిరీగో మట్టి పెట్టిందనుకుని గట్టిగా నొక్కాను. పేపరు మీద టప్‌మని ఏదో రాలింది. కందిగింజంత ఉంది, సున్నం పట్టినట్టు తెల్లగా.

చిన్నమామగారు దాన్ని తీసి బొటనవేలితో రుద్దారు. తెలుపు పోయి సీసం కనిపించింది.

"అన్నియ్యా. ఇది గుండు."

మామగారు తలెత్తలేదు. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"ఆ రోజుదేనా?"

మామగారు స్క్రూడ్రైవరు పేపరు మీద పెట్టేశారు.

"కాళీ తుపాకీ అన్నావు. బెదిరించడానికే ఎత్తినానన్నావు. పాస్టరుగారి ముందర బైబిలు మీద సెయ్యేసి అన్నావు."

నాకు అప్పటికి గాని అర్థం కాలేదు. ఆ గట్టు తగాదాలో మామగారు ఈ తుపాకీ పట్టుకునే వెళ్ళారన్నమాట. తమ్ముడి మీదికి ఎత్తి మీట నొక్కారన్నమాట. అది పేలలేదు. దమ్ము పోయింది ఆ రోజునే.

"నాతో కూడా కాళీదే అన్నారు కదండీ" అన్నారు అత్తగారు, చింతపండు చేతులు అలాగే గాలిలో పట్టుకుని.

మామగారు "గుండేసినాను" అన్నారు.

"ఎక్కడికి సూసినావు గురి? కాలికా?" అన్నారు చిన్నమామగారు.

"కాలికి కాదు" అన్నారు మామగారు.

గాలి తుపాకీయే కదా అని ఇప్పుడు ఎవరైనా అనుకోవచ్చు. దగ్గర్నించి తగిలితే కన్ను పోతుంది. తగలరాని చోట తగిలితే మనిషే పోతాడు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. చిన్నమామగారు తువ్వాలు భుజం మీద వేసుకుని లేచారు. మెట్లు దిగి చెప్పులు తొడుక్కున్నారు. కోపంగా లేదు ఆయన మొహం, అందుకే నాకు భయం వేసింది. ఆ పెరటి గేటు దాటితే ఆయన ఇక ఈ ఇంటికి రారని, చావుకి కూడా రారని నాకు తెలిసిపోయింది. మామగారిని చూస్తే ఆయనకీ తెలిసినట్టే ఉంది, కానీ కూర్చున్నచోటి నుంచి లేవలేదు. నేను కోడల్ని, ఏ హక్కుతో ఆపను? గొట్టం పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు అత్తగారు లేచారు. ఒళ్ళోని పిక్కలన్నీ వరండా అంతా దొర్లాయి. వచ్చి పేపర్ల మధ్య కూర్చుని, మేకు పెట్టి ఒక్క దెబ్బతో పిన్ను ఊడగొట్టి, చెక్క పిడిని పక్కకి తీసి, లోపలి కమ్మీని బయటికి లాగారు. ఎప్పుడూ చేసే పనిలాగే చేశారు.

"బాబూ, ఎల్లేవోడివి ఎల్లు గానీ, ఇది సూసి ఎల్లు."

కమ్మీ చివర పాత తోలు వాషరు ఉంది. ఎండింది గానీ అరగలేదు. అంచు నుంచి నడిమి దాకా ఒకే ఒక గాటు, గీత గీసినట్టు.

మామగారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. "ఇది సిరిగింది కాదు. కోసింది."

"నానే కోసినాను" అన్నారు అత్తగారు. "ఆ రోజు మద్దినేల అన్నం ముట్టలేదు మీరు. తొంగున్నారు గానీ, పళ్ళు నూరుతున్నారు నిద్దట్లో. లేసినాక తోటకెల్తానని తొంగునే ముందే అన్నారు. ఆ కళ్ళు సూసి నాకు పేణం పోయింది. మీరు లేసేలోగా వంటింట్లో దీన్ని ఇప్పి, బ్లేడెట్టి కోసి, మల్లీ బిగించీసినాను."

"నువ్వా?"

"నానే."

"పంపు కొడితే సేతికి బరువు తగల్లేదు" అన్నారు మామగారు, తనలో తను అనుకుంటున్నట్టు. "కోపంలో తెలీలేదు నాకు. ఇన్నాళ్ళూ ఆ దొరని తిట్టుకున్నాను, నాసిరకం తోలేసినాడని." తర్వాత కళ్ళజోడు తీసేశారు. డ్రిల్లు మేష్టారి భుజాలు అలా కిందికి జారిపోవడం నేను ముందెన్నడూ చూడలేదు. "ఒరే..." అన్నారు గేటుకేసి. 

చిన్నమామగారు గేటు గడియ మీద చెయ్యి వేసి నిలబడే ఉన్నారు. ఆ చెయ్యి తీస్తారా, గడియే తీస్తారా అని చూస్తున్నాను. ఎంతకో వెనక్కి వచ్చారు. చెప్పులతోనే మెట్టు మీద కూర్చున్నారు.

"ఒదినా, దీన్ని ఇప్పడం నీకెవరు నేర్పినారు?"

"ప్రతీ క్రిస్మస్‌కీ మీ అన్న నూనె రాత్తంటే పక్కన కూకుని సీసా అందించింది ఎవరు?" అన్నారు ఆవిడ.

ఎవరూ నవ్వలేదు. కానీ వరండాలో గాలి ఆడినట్టయింది. చిన్నమామగారు మామగారి వైపు చూడకుండానే "బేగి కానియ్యండి, ఎండెక్కిపోతంది" అన్నారు.

ఆముదం జిడ్డుకి మామగారి చేతుల్లో కొత్త వాషరు కమ్మీకి ఎక్కడం లేదు. రెండుసార్లు జారిపోయాక చిన్నమామగారే మెట్టు ఎక్కి వచ్చి కమ్మీ పట్టుకున్నారు. మామగారు వాషరు తొడిగారు. ఆముదం ఇద్దరి చేతులకీ అంటింది. రింగు వేశారు, పిన్ను కొట్టారు. పని జరిగినంతసేపూ "ఇటు తిప్పు", "అట్టుకో" అనుకున్నారు, అంతే.

తర్వాత మామగారు పంపు కొట్టారు. ఒక్కో దెబ్బకీ పిడి బిగుసుకుంటూ వచ్చింది. గాలి నిలిచింది. గుండు లేదు, నేనే గొట్టంలోంచి కమ్మీ దూర్చి చూశాను, అయినా మళ్ళీ చూశాను. నిండిన తుపాకీని మామగారు తమ్ముడి వైపు, భుజానికి ఆనించే చెక్క ముందుకు పెట్టి చాచారు. ఆయన తీసుకోలేదు. మామగారు వెనక్కి తీసుకోలేదు. అది వాళ్ళిద్దరి మధ్యా అలా ఉండిపోయింది. నిలిచిన గాలి ఎప్పటికైనా వదలాలి. మీట మీద వేలు పెట్టడానికి ఇద్దరికీ చెయ్యి రావడం లేదు.

"ఇలా తెండి" అన్నారు అత్తగారు. తుపాకీ తీసుకుని, ఆకాశంకేసి ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని మీట నొక్కారు. ఠాప్‌మంది. పక్కింటి పెంకుల మీది కాకులన్నీ ఒక్కసారి లేచాయి. గోడ అవతల్నుంచి "ఏటమ్మా అది?" అని పక్కింటావిడ కేక. "ఏటీ లేదమ్మా, కుక్కరు" అన్నారు అత్తగారు, తుపాకీ ఇంకా పైకే పట్టుకుని.

చిన్నమామగారు దాన్ని దుప్పటిలో చుట్టుకుని మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయారు. భోజనం చెయ్యలేదు. ఆ తర్వాత వానలు పడి వెలిసేదాకా ఆయన రాలేదు. మామగారు రోజూ బస్సు వేళకి వరండాలోకి వచ్చి నిలబడి, దగ్గి, లోపలికి వెళ్ళేవారు. ఆ దగ్గుకి అర్థం ఎవరూ చెప్పక్కర్లేకుండానే నాకు తెలిసింది. కోతుల సంగతంటారా, చప్పుడే తప్ప ఇంకేమీ రాదని అవి త్వరలోనే కనిపెట్టేశాయట.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి చిన్నమామగారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. చెప్పులు కింద విడిచి ఉన్నాయి. ఆ రోజు వాన ఊసు రాలేదు. మాటలు మొదలయ్యాయి, మాటలతోపాటు దెబ్బలాటలూ మొదలయ్యాయి. ముసలివాళ్ళిద్దరూ గట్టు గురించి మళ్ళీ మొదట్నుంచీ వాదించుకునేవారు, అరిచేవారు, అన్నం వడ్డిస్తే ఆపేవారు.

కొంతకాలం పోయాక, పప్పు ఏరుకుంటూ అత్తగారిని అడిగాను, ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని. ఆవిడ నిదానంగా "సెప్తే ఆయన కోపం నా మీదకొస్తాది. సెప్పకపోతే తుపాకీ మీదకెళ్తాది. తుపాకీకి ఏటి నష్టం?" అన్నారు. తర్వాత, "ఆ కాళీ తుపాకీ మాట నమ్మినాక, అనోసరంగా పాడుసేసినానని సిగ్గు కూడా ఏసింది" అన్నారు.

రెండు వేల సంవత్సరం దాటాక మామగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. చిన్నమామగారు వారం వారం వచ్చి ఆయనకి గడ్డం గీసేవారు. మంగలిని పిలుద్దామంటే ఒప్పుకునేవారు కాదు. గొంతు మీద కత్తి ఆనించి తమ్ముడు గీస్తుంటే మామగారు తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, కొన్నిసార్లు అలాగే నిద్రపోయేవారు. ఆయన పోయేదాకా అలా జరిగింది. వాళ్ళు మాట్లాడుకోకుండా గడిపిన ఏళ్ళతో పోలిస్తే మాట్లాడుకున్న ఏళ్ళు చాలా తక్కువ. ఇప్పుడు నా జ్ఞాపకంలో మాత్రం ఆ తక్కువ ఏళ్ళే చాలా పొడుగ్గా ఉన్నాయి.