కొలవకుండా రాసిన అంకెలు

మొన్న ఆదివారం మా చెల్లెలి బిడ్డ జడ్చర్లలోని మా ఇంటికి వచ్చి, పదో తరగతి మెమో, ఆధార్ కాగితం, రెండు ఫోటోలు నా ముందు పెట్టి, నర్సింగ్ అసిస్టెంటు కావాలంటే ఏమేం చేయాలో చెప్పమంది. నేను వరుసపెట్టి చెప్పాను. పది పాసైతే చాలు, కానీ చేరే ముందు ఆ సంస్థకు గుర్తింపు ఉందో లేదో కనుక్కోవాలి. నాలుగు నెలలు తరగతి, రెండు నెలలు దవాఖానలో వార్డు పని, ఆ తర్వాత బయటివాళ్లు వచ్చి పెట్టే పరీక్ష, అందులో రాసేదాని కంటే చేత్తో చేసి చూపించేదే ఎక్కువ. నాడి పూర్తిగా ఒక నిమిషం చూడాలి గాని పావు నిమిషం చూసి నాలుగింతలు చేయకూడదు, ఊపిరిని రోగికి తెలియకుండా లెక్కపెట్టాలి, మంచం పట్టిన మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి అని నేను చెప్పుకుంటూ పోతుంటే పిల్ల అన్నీ రాసుకుంది. చివరికి కలం మూసి, "పెద్దమ్మా, నేర్చుకునేటప్పుడు నువ్వేమన్న తప్పు జేసినవా?" అని అడిగింది. అందరం చేస్తామని చెప్పి, చాయ్ పెట్టే మిషతో లేచి వంటింట్లోకి పోయాను. చిన్నపిల్లకు చెప్పలేనిది నా ఈడువాళ్లకు చెప్పుకోవచ్చునేమోనని ఇది రాస్తున్నాను.

నేను ఆ చదువులో చేరింది తెలంగాణ వచ్చిన కొత్తలో, ముప్పై మూడేళ్ల వయసులో. అంతకు ముందు తొమ్మిదేళ్లు నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరే పని చేశాను. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. కాయలు ఏరుతూ ఏరుతూనే కుప్పను చూసి ఎన్ని కాయలుంటాయో చెప్పడం పట్టుబడింది, వెయ్యి కాయల కుప్పకు ఇరవై అటో ఇటో తప్ప తేడా వచ్చేది కాదు. పక్క దుకాణాలవాళ్లు కూడా పందేలు కట్టి మరీ నన్ను పిలిచేవాళ్లు. బడిలో వెనక బెంచీలో కూర్చున్న మనిషికి అంత మర్యాద దొరికితే, తన కన్ను తప్పదనే గర్వం ఎక్కకుండా ఉంటుందా? ఓపెన్ స్కూల్లో పది పాసై నల్లగొండలో చేరినప్పుడు ఆ గర్వాన్ని కూడా వెంట తీసుకుపోయాను.

వార్డు పనికి మమ్మల్ని నల్లగొండలోనే ఒక ప్రైవేటు దవాఖానకు పంపారు. నాకు ఆరు మంచాలు అప్పగించారు. వాటిలో ఒకదాని మీద కట్టంగూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ముస్లిం పెద్దావిడ ఉండేది. వాంతులూ విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి వస్తే సెలైన్ ఎక్కిస్తున్నారు. ఆమె కొడుకు ట్రాక్టర్ల మెకానిక్, పొద్దున వచ్చి చూసి పోయేవాడు. రోజంతా దగ్గరుండి చూసుకునేది కోడలే. పెద్దావిడ తాగిన నీళ్లు, ఎక్కించిన సెలైన్ ఒక వైపు, వెళ్లిన మూత్రం రెండో వైపు పట్టీలో రాయడం నా పని. ఎంత ఎక్కించినా వెళ్లేది తగ్గుతోందంటే కిడ్నీలు అలిసిపోయాయని గుర్తు, అప్పుడు సెలైన్ ఆపాలి. డాక్టరుకు ఆ సంగతి తెలిసేది ఈ పట్టీతోనే.

పెద్దావిడ మూత్రానికి గొట్టం వేయనివ్వలేదు, బెడ్‌పాన్ పెట్టమంది. మంచం మీదనే నమాజు చేసుకునే మనిషి, ప్రతిసారీ కడుక్కోకుండా ఉండలేదు. కోడలు లోటాతో నీళ్లు పోసేది, ఆ నీళ్లూ అదే పాన్‌లో పడేవి. మొదటి రోజే కోడలు నాతో చెప్పింది: "అక్కా, అమ్మీ కడుక్కున్న నీళ్లు గూడ గండ్లనే పడుతున్నయి, జర చూస్కో."

ఇట్లాంటప్పుడు ఏం చేయాలో మాకు తరగతిలో నేర్పారు. రెండు పాన్‌లు పెట్టాలి. మొదటిదాన్ని తీసి, గీతలున్న ప్లాస్టిక్ జాడీలో పోసి కొలిచి, కడుక్కోవడానికి రెండోది ఇవ్వాలి. రెండో పాన్ కావాలంటే కింది అంతస్తులోని స్టోరుకు పోయి సంతకం పెట్టి తెచ్చుకోవాలి. నేను పోలేదు. నాకు ఇంకో లెక్క తోచింది. లోటాకు ఎన్ని నీళ్లు పడతాయో నాకు తెలుసు, అందులో ఎంత వాడుతుందో చూస్తే తెలుస్తుంది, పాన్‌లో మొత్తం ఎంతుందో నా కన్ను చెబుతుంది; ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే సరిపోదా అనుకున్నాను. మొదటి రోజు రెండుసార్లు ఆ మొత్తాన్ని జాడీలో పోసి చూసుకుంటే నా అంచనాకు తేడా పదిహేను మిల్లీలీటర్లే వచ్చింది. ఇంకేముంది, ఆ తర్వాత జాడీని ముట్టనే లేదు. తలుపు దగ్గర నిలబడి చూసి, తీసివేత మనసులోనే చేసుకుని రాసేదాన్ని. రెండు వందలు, మూడు వందలు అని గుండు అంకెలు రాస్తే అనుమానం వస్తుందని నూట ఎనభై ఐదు అనీ రెండు వందల పది అనీ రాసేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నాకు అన్నిటికంటే సిగ్గనిపించేది ఈ ముచ్చటే.

రెండో రోజు కోడలు మళ్లీ, ఇయ్యాల నీళ్లే ఎక్కువున్నట్టున్నయి అక్కా అంది. నేను చూస్తున్నాలే అన్నాను. డాక్టరు నా పట్టీని మిగతా పిల్లలకు చూపించి, రాస్తే ఇట్ల రాయాలె అన్నాడు.

మూడో రోజు పొద్దున పెద్దావిడ పాదాలు వాచాయి, ఊపిరి ఆడడం కష్టమైంది. డాక్టరు పాదాలు చూసి, పట్టీ చూసి, మళ్లీ పాదాలు చూశాడు. మూత్రం బాగానే వెళుతోందని పట్టీలో ఉంది గనుక, ఇది గుండె సంగతేమోనని ఆ పరీక్షలన్నీ చేయించాడు. వాటితోనే సగం రోజు గడిచిపోయింది. మధ్యాహ్నం రక్తం రిపోర్టు వచ్చాక తెలిసింది, కిడ్నీలు దాదాపు ఆగిపోయాయి. నేను అంకెలు వేసి రాసినది చాలావరకు లోటా నీళ్లే. వెంటనే హైదరాబాదుకు తీసుకుపొమ్మన్నారు.

పట్టీ ఎవరు రాశారని డాక్టరు అడిగాడు. వార్డు నర్సమ్మ, కొడుకు, కోడలు అందరూ అక్కడే ఉన్నారు.

"కోడలు నీళ్లు కలిపింది సార్, నాకు చెప్పలే," అన్నాను.

ఆరే మాటలు. చివరి రెండూ పచ్చి అబద్ధం.

కొడుకు భార్య వైపు తిరిగి, "ఒక్క పనన్న సక్కగ చేస్తవా నువ్వు? అమ్మీని సంపుదామనుకున్నవా?" అన్నాడు. పెద్దావిడ తెలివిలోనే ఉంది, అన్నీ వింటోంది. కోడలు నా వైపు చూసింది. నేను పట్టీ వైపు చూశాను. అంబులెన్సు గేటు దగ్గరికి వచ్చిందన్నారు, ఆమె లోటా, దుప్పటి, అత్తగారి చెప్పులు సర్దుకుని వెనకాలే పోయింది. వాళ్లు వెళ్లిపోయాక నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి, "నిజంగనే చెప్పలేదా ఆమె?" అని అడిగింది. అప్పటికి నా వార్డు పని ఇంకా పన్నెండు రోజులు మిగిలి ఉంది, ఆమె సంతకం లేకుంటే నాకు సర్టిఫికెట్ లేదు. చెప్పలేదన్నాను. సర్టిఫికెట్ వచ్చింది, పట్టీలు శ్రద్ధగా రాస్తుందని మెచ్చుకోలు కూడా దాంతోపాటు రాసిచ్చారు.

ఐదేళ్ల తర్వాత ఒక పగటిపూట నకిరేకల్ పోదామని నల్లగొండలో బస్సెక్కితే, జరిగి నాకు జాగా ఇచ్చిన మనిషి ఆ కోడలే. నన్ను ముందు గుర్తుపట్టింది ఆమే. ఎవరం ఎక్కడ దిగాలో, పిల్లల సంగతులూ అన్నీ అయ్యాక, అడగలేక అడగలేక పెద్దావిడ గురించి అడిగాను.

"పట్నంల నెలరోజులుంచిన్రు, బతికింది. ఇంకో రెండేండ్లు మంచిగనే తిరిగింది. గని నా చేతుల నీళ్లు తాగలే అక్కా. నా మరిది బిడ్డ ఇస్తెనే తాగేది. పొయ్యేటప్పుడు గూడ గట్లనే."

అప్పుడు చెప్పాను, ఆమె చెప్పిందనీ, నేను విన్నాననీ, అబద్ధమాడాననీ. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకెర్క లేదా? చెప్పింది నేనే గద. ఎప్పుడన్న ఒకసారి వచ్చి అమ్మీకి చెప్పి పోతవేమోనని చానా దినాలు చూసిన." కిటికీలోంచి బయటికి చూసి, "దిగు అక్కా, నకిరేకల్ వచ్చింది," అంది.

ఇప్పుడు దవాఖానల తీరు మారింది. మూత్రం గీతలున్న సంచిలోకి దిగుతుంది, అంకె నేరుగా తెర మీదికి పోతుంది, ఇంటివాళ్లను బయటి కుర్చీల్లో కూర్చోబెడతారు. తప్పు జరిగితే యంత్రం మీదికి నెడతారు, యంత్రానికి అత్తగారుండదు. ఇదీ మంచిదేనేమో. కానీ పక్కన నిలబడి జర చూస్కో అక్కా అనే మనిషి కూడా ఇప్పుడు లేదు.

ఆవిడ బతికి ఉన్న ఆ రెండేళ్లలో నేను నల్లగొండ నుంచి సూర్యాపేటలోని మా అమ్మ దగ్గరికి, వాళ్ల పల్లె పక్కనున్న కట్టంగూర్ మీదుగానే పోయి వస్తుండేదాన్ని. పోనూ రానూ కలిపి నలభై నాలుగుసార్లు. ఆ రోజుల్లో నేనెక్కిన ప్రతి బస్సూ అక్కడ ఆగేది. ఇప్పుడు జడ్చర్ల నుంచి పోతూ నేనెక్కే బస్సులు ఆగవు, ఆగినా అక్కడ నా మాట వినవలసిన మనిషి లేదు.